లారీలో బజ్జీల వాసన

ఆ రోజుల్లో నాకు భయమంటే తెలిసేది కాదు. ధైర్యవంతుణ్ణని చెప్పుకోవడం లేదు. భయపడాలంటే ముందు జరగబోయేదేమిటో కాస్తయినా తెలియాలి కదా, నాకు అదీ తెలిసేది కాదు. చదువైపోయి, ఉద్యోగం దొరక్క, బత్తలపల్లె దగ్గర మా ఊళ్ళో నేను చేస్తున్న పనల్లా మా నాయన వేలంపాటలో కొన్న పాత మిలిటరీ లారీని నడపడం. సైన్యం వాళ్ళు ఇక చాలని వదిలేసిన బండి అది. మా నాయన దాని మీద నీళ్ళ ట్యాంకు ఎక్కించి, ఆకుపచ్చ రంగు కూడా మార్చకుండా నాకు అప్పగించాడు. (ఆ రంగు చూసి కొత్తచెరువు బజారులో ఒకాయన "సెలవు మీద వచ్చినావా అప్పా" అని అడిగాడు. నేను కాదనలేదు.)

ఆ ఎండాకాలం మా చుట్టుపక్కల బోర్లు ఒకదాని తర్వాత ఒకటి చేతులెత్తేశాయి. నీళ్ళు పడుతున్నది గట్టు మీద మా చేని బోరు ఒక్కటే. నీళ్ళు కావలసిన ఊరేమో గట్టు కింద ఉంది. మధ్యలో ఒకటే దిగుడు దోవ. మలుపూ గిలుపూ లేకుండా సూటిగా దిగి ఊరి మొదటి ఇళ్ళ ముందు ఆగిపోతుంది. అక్కడే జనం బిందెలు వరసగా పెట్టుకుని, వాటి పక్కనే కూర్చుని నా లారీ కోసం ఎదురుచూసేవాళ్ళు. పిల్లలు ఆ బిందెల మధ్యే ఆడుకునేవాళ్ళు. నిండు ట్యాంకుతో దిగే బండి ఆగవలసిన చోట ఆగకపోతే ఏమవుతుందో ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు. అలాంటిది ఒకరోజు నేను బ్రేకు ఎంత తొక్కినా లారీ ఎప్పటిలా బారెడు దూరంలో ఆగకుండా, వరసలో మొదటి బిందెను సొట్టబెట్టి మరీ ఆగింది. ఆ బిందెగల ఆమె మా వంశాన్ని మూడు తరాల వెనక్కి వెళ్ళి పలకరించింది.

రాప్తాడు నుంచి బ్రేకుల భాయ్‌ని పిలిపించాం. అసలు పేరు ఏదో ఉంది గానీ, లారీల వాళ్ళందరికీ ఆయన బ్రేకుల భాయే. ముందు చక్రాలు విప్పి చూపించాడు. చక్రం లోపల గిన్నెలాంటి ఇనుప డ్రమ్ము, అందులో నెలవంకల్లాంటి రెండు షూలు. పెడల్ తొక్కితే అవి విచ్చుకుని, వాటి మీదున్న నల్లటి అట్టల్లాంటి లైనర్లు డ్రమ్ముకు ఒరుసుకుంటాయి, చక్రం ఆగుతుంది. మా లైనర్లు అరిగి రేకులయ్యాయి. విప్పేముందు స్ప్రింగులు ఏది ఎక్కడుందో సెల్‌ఫోనులో ఫోటో తియ్యమన్నాడు భాయ్. తీశాను. తీరా చూస్తే ఫోటో నిండా నా బొటనవేలే ఉంది. భాయ్ ఆ ఫోటోను చాలాసేపు చూసి, ఒక వైపు పూర్తిగా బిగించేదాకా, చూసి పోల్చుకోవడానికి రెండోవైపు ముట్టుకోవద్దని మాత్రం అన్నాడు.

కొత్త లైనర్లు కొట్టించిన షూలు శుక్రవారం వచ్చాయి. కుడి చక్రం షూలు నేరుగా భాయ్ చేతికి వెళ్ళాయి. ఎడమవి పంచలో గంపలో ఉండిపోయాయి. ఇక్కడ మా జేజి, అంటే మా నాయన వాళ్ళమ్మ, గురించి చెప్పాలి. ఇంటికి కొత్త ఇనుప వస్తువు ఏదొచ్చినా, కొడవలి గానీ గడ్డపార గానీ, ఆమె పూజ చెయ్యనిదే వాడనిచ్చేది కాదు. అందులోనూ అది శుక్రవారం. నేను గంప తెచ్చేసరికి షూల ఇనుప అంచుల మీద పసుపు, కుంకుమ బొట్లున్నాయి. భాయ్ చూసి నవ్వాడు. పెద్దామె పెట్టిన బొట్టు చెరిగితే బాగుండదని, పసిబిడ్డను ఎత్తినట్టు అంచులు పట్టుకుని బిగించాడు. అంత మర్యాదగా బ్రేకులు బిగించడం నేను మళ్ళీ చూడలేదు.

ఖాళీ బండితో చదును రోడ్డు మీద పరీక్ష చేశాం. బ్రేకు కొడితే లారీ కుడివైపుకు లాగింది. ఎడమ చక్రం సరిగా పట్టడం లేదన్నమాట. పైపులో గాలి చేరిందేమోనని, భాయ్ కేకేసినప్పుడల్లా నేను పెడల్ తొక్కుతుంటే ఆయన కింద కూర్చుని గాలి తీశాడు. అయినా లాగింది. షూలను డ్రమ్ముకు ఇంకాస్త దగ్గరకు జరిపి బిగించాడు. ఈసారి సూటిగా ఆగింది. ఆగినప్పుడు ఎక్కడినుంచో కమ్మటి వాసన వచ్చింది గానీ, పొద్దున్నుంచీ ఏమీ తినకపోవడం వల్లేమో అనుకున్నాను.

ఈలోగా కింద ఊరి నుంచి ఫోను మీద ఫోను. నిన్నటి నుంచి చుక్క లేదు, గొడ్లు అరుస్తున్నాయి. ట్యాంకు నింపి బయల్దేరాం. ఆ ఊళ్ళోనే ఉన్న తన చెల్లెల్ని చూసొస్తానని జేజి కూడా ఎక్కి, నాకూ భాయ్‌కీ మధ్య సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. (వద్దని చెప్పగల మగవాడు మా ఇంట్లో పుట్టలేదు.)

దిగుడు మొదలైంది. మొదటిసారి తొక్కగానే స్టీరింగు నా చేతుల్లోంచి కుడికి లాక్కుంది. బలమంతా పెట్టి ఎడమకు తిప్పాను. మళ్ళీ తొక్కితే ఇంకా లాగింది, వేగం మాత్రం తగ్గలేదు. వెనక ట్యాంకులో నీళ్ళు ధభీమని ముందుకొచ్చి బండిని తోస్తున్నాయి. కింద బిందెలు కనిపిస్తున్నాయి, ఎరుపూ నీలమూ పచ్చా. లారీని చూసి జనం లేచి నిలబడుతున్నారు. అప్పుడు జేజి గాలి పీల్చి, ప్రశాంతంగా అంది.

"ఎవురో బజ్జీలు ఏస్తాండారు రా."

చుట్టూ చూడటానికి ఇల్లనేది లేదు, ఎండిన చేలు తప్ప. ఎడమ చక్రం మీంచి సన్నగా పొగ లేస్తోంది. భాయ్ తల బయటపెట్టి చూసి, గొంతు పెంచకుండా అన్నాడు. "తమ్ముడూ, బ్రేకు వదిలేయ్. గేరు దించు. ఎడమ పక్క మట్టికట్ట ఉండాది సూడు, దానికి రుద్దుకుంటా పో."

గేరు పడనంది. రెండోసారి ఇంజను మూలిగి, పడింది. చక్రాలను మట్టికట్టకు ఒరిపించాను. రాళ్ళు రేగాయి, అద్దం ఒకటి ఊడిపోయింది, జేజి సంచిలోని నిమ్మకాయలు కాళ్ళ కిందకు దొర్లాయి. ఒకటి బ్రేకు పెడల్ కిందకు చేరింది. (ఆ క్షణంలో అది ఉన్నా లేకపోయినా ఒకటే.) సగం దోవలో, మట్టిలో కూరుకుని లారీ ఆగింది.

చక్రాల కింద బండరాళ్ళు పెట్టి ఎడమ డ్రమ్ము విప్పాం. గుప్పుమంది. లైనర్లు నిగనిగలాడుతున్నాయి, అంచుల్లో నూనె బుడగలు కడుతోంది. భాయ్ వేలితో తాకి, వాసన చూసి, నా వైపు చూశాడు. నేను జేజి వైపు చూశాను.

"కొత్త ఇనుము గదా, తుప్పు పడతాదని వంటకు పోసే చెనిక్కాయ నూనె పట్టించినా," అంది జేజి. "ఆ నల్లట్ట మాదిరి ఉండేది ఎంత పోసినా తాగింది. పాపం, ఎన్నాళ్ళ దప్పికనో అనుకున్యా."

భాయ్ రోడ్డు మీద కూలబడి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. పెట్రోలు గుడ్డతో తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, మా ఎండలో ఆరబెట్టి, మళ్ళీ తుడిచాం. రేపు కొత్తవి వేసేదాకా పనికొస్తాయి, మొదటి గేరులో మనిషి నడిచినంత మెల్లగా దిగాలి అన్నాడు భాయ్. జేజిని దిగి నడిచి రమ్మన్నాను. ఆమె కదలలేదు. "నా వల్ల జరిగిందని తెలిసినాక నేను దిగి, నువ్వొక్కడివే పోతావా? పద," అంది. ఒళ్ళో సంచిని రెండు చేతులా అదిమి పట్టుకుంది. ఆమె భయపడుతోందని అప్పుడే తెలిసింది.

మిగిలిన సగం దోవ ఎంతసేపు దిగామో తెలియదు. తొక్కినప్పుడల్లా నాకు ఊపిరాగింది, లారీ మాత్రం మెల్లగా దిగుతూనే ఉంది. సొట్టబోయిన బిందె ఈసారీ వరసలో ముందే ఉంది. బిందెగల ఆమె దాన్ని జరపలేదు, తనూ జరగలేదు. లారీ ఆమెకు బారెడు దూరంలో, సూటిగా ఆగింది. "ఏమప్పా, యాడ పండుకున్యావు ఇంతసేపు," అంది. నాకు ఏడుపొచ్చింది. నీళ్ళు పట్టేవాడిలా పైపు వెనక్కి వెళ్ళి నిలబడ్డాను.

ఆనాటి నుంచి జేజి పూజ మానలేదు గానీ, బొట్టు డ్రమ్ముకు బయట మాత్రమే పెట్టేది. పెట్టేముందు నూనె గిన్నె ఇంట్లోనే ఉందని చేతులు చూపించేది. ఇప్పుడు ఆమె లేదు. లారీ పాత ఇనుము కిందకు పోయింది. నేను వేరే పనిలో, కాలు ఆనిస్తే ఆగే కారులో తిరుగుతున్నాను. కానీ సాయంత్రం అనంతపురంలో ఏ బజ్జీల బండి పక్కనుంచి నడిచినా, బాణలిలోంచి ఆ వాసన తగలగానే నా కుడికాలు దానంతటదే నేలను గట్టిగా తొక్కుతుంది. అక్కడే ఆగిపోతాను. బజ్జీలకోసమనుకుని బండివాడు పొట్లం కడతాడు. వద్దనలేను. వేడివేడిగా ఒకటి నోట్లో వేసుకుని, పక్కన సంచితో ఎవరో కూర్చున్నట్టు కాస్త జరిగి నిలబడతాను.