కారు నిలిపే చోటు

మా వైపు చేను అమ్మినా అందులోని సమాధిని అమ్మరు. కొన్నవాళ్ళు దాని చుట్టూ కాస్త జాగా, గట్టు మీదుగా వచ్చిపోవడానికి దారి వదిలేస్తారు. ఇది ఎవరూ రాసుకునే సంగతి కాదు. దున్నేవాడు సైతం ఆ చోటు తప్పించి దున్నుతాడు. అందుకే బోరు ఎండిపోయి, మరిది తన వాటా అడిగి, మదనపల్లె నుంచి పుంగనూరు పోయే రోడ్డు పక్కనున్న మా టమోటా చేను అమ్మినప్పుడు, కానుగ చెట్టు పక్కన మా ఆయన సమాధి ఉందని నోటిమాటగా చెప్పి ఊరుకున్నాం. కొన్నతను తల ఊపాడు. మాకు అది చాలనిపించింది.

కుప్పం వాళ్ళు పొద్దున్నే రైలెక్కి బెంగళూరు పోయి, ఉద్యోగం చేసి, రాత్రికి ఇల్లు చేరడం ఎప్పటినుంచో ఉన్నదే. ఇప్పుడు బెంగళూరే మా దాకా నడిచొస్తోంది. అక్కడ ఇల్లు కొనలేనివాళ్ళు ఇక్కడ ప్లాట్లు కొంటున్నారు. మా దగ్గర కొన్నతను ఇంకొకరికి అమ్మాడు. ఆయన మరొకరికి అమ్మాడు. చేను చేతులు మారింది కానీ ఆ తల ఊపడం చేతులు మారలేదు.

డోజరు వచ్చిన రోజు నేను బడిలో పిల్లలకు పాఠం చెబుతున్నాను. సాయంత్రం మరిది వచ్చి చెబితే పోయి చూశాను. చెట్టు లేదు, గట్టు లేదు. నేలంతా చదునుగా, తెల్లరాళ్ళు పాతి ఉంది. లేఔటు మనిషి కాగితాల్లో సమాధి మాటే లేదన్నాడు, కావాలంటే శాంతి చేయిస్తానన్నాడు. నేను వద్దన్నాను. ఏడుపు రాలేదు, కోపం కూడా రాలేదు. బడిలో చిన్నదానికీ పెద్దదానికీ కసురుకునే మనిషిని నేను. ఆ రోజు నన్ను చూసి నాకే భయం వేసింది.

పాత బోరు పైపూ కరెంటు స్తంభమూ మాత్రం మిగిలాయి. వాటిని ఆనవాలు పెట్టుకుని చూస్తే, ఆయన ఉన్నది కొత్తగా లేచిన ఒక ఇంటి ముందు, కారు నిలిపే చోట, టైల్సు కింద.

మొన్న పెద్దల అమావాస్యకు అలసంద వడలు, పాయసం, ఆయనకు ఇష్టమైన ఉర్లగడ్డ కూర చేసి క్యారియర్లో పెట్టుకుని పోయాను. ప్రహరీ బయట ఆకు వేసి, కాకి ముట్టినాక వచ్చేద్దామనుకున్నాను. ఆకు తీసేలోపే ఆ ఇంటామె గేటు తీసింది. బెంగళూరు నుంచి వచ్చిన చిన్న వయసు పిల్ల. ఎవరు కావాలని అడిగింది.

ఉన్నది చెబితే ఆ పిల్ల మళ్ళీ ఆ ఇంట్లో కంటి నిండా నిద్రపోదు. లోపల ఉయ్యాల గుడ్డలు ఆరేసి ఉన్నాయి. "ఈడ మాకు సేను ఉండేదమ్మా. ఊరికే సూసిపోదామని వచ్చినా" అన్నాను.

ఆమె చూపు క్యారియర్ మీద పడింది. పొరుగువాళ్ళెవరో తినడానికి తెచ్చారనుకుని మొహం విప్పార్చుకుంది. తామొచ్చినప్పటి నుంచి ఈ వీధిలో ఒక్కరూ తమ గేటు తీయలేదట. క్యారియర్ అందుకుని, అక్కడే, ఆయన మీద నిలబడి, ఒక వడ తుంచి నోట్లో వేసుకుంది. కాకి ముట్టకముందే. బాగున్నాయంది. లోపలికెళ్ళి గిన్నెలన్నీ కడిగి, ఒట్టిది ఇవ్వకూడదని కాస్త చక్కెర పోసి తెచ్చిచ్చింది.

"ఈసారి అంకుల్ని కూడా పిలుచుకుని రండి, ఆంటీ."

"ఆయన ల్యాడమ్మా. పోయినాడు."

ఆమె మొహం చిన్నబోయింది. వాళ్ళాయన కారు తీసుకుని బెంగళూరు పోయాడు, ఆ చోటు ఖాళీగా ఉంది. ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి సరిగ్గా అక్కడే వేసి, కూర్చోమని, టీ పెట్టడానికి లోపలికి పోయింది.

చెప్పులు విడిచి కూర్చున్నాను. చేను అమ్మినాక ఆయన పక్కన కూర్చోవడం అదే మొదలు. పాదాల కింద టైల్సు చల్లగా ఉన్నాయి. టీ తొందరగా రాకపోతే బాగుండుననిపించింది.