గ్లోబు మాస్టారు ప్రొజెక్టర్ వద్దన్న కథ

మా మరిదికి చెవులు సరిగ్గా వినబడవు. ఈ సంగతి లోకంలో ఎవరికీ తెలియదని అతని గట్టి నమ్మకం. ఎదుటివాళ్ళ పెదాల కదలిక చూసి మాట పట్టేస్తాడు, తల ఊపుతాడు, ఠక్కున జవాబు కూడా చెప్తాడు. ఇంట్లో మేము, బడిలో పిల్లలు ఏమీ ఎరగనట్టే ఉండిపోతాం. ఒకసారి భోజనాల దగ్గర మా ఆయన చెవి మిషన్ మాట ఎత్తాడు. "నాకేం రోగం అన్నయ్యా? నువ్వే నోట్లో గొణుక్కుంటావు" అంటూ తమ్ముడుగారు కంచం ముందు నుంచి లేచిపోయాడు. అప్పటి నుంచి ఆ ఊసెత్తే ధైర్యం ఎవరికీ లేదు.

ఆ బడికి నేను హెడ్‌మిస్ట్రెస్‌ని. మా మరిది భూగోళం చెప్తాడు. పిల్లలు అతనికి గ్లోబు మాస్టారని పేరు పెట్టారు. అందులో పాఠం వాటా ఎంతో, ఆ గుండ్రటి పొట్ట వాటా ఎంతో నన్నడక్కండి. వాళ్ళకి మాస్టారంటే ప్రాణం. ఆ క్లాసులో ఎవరికి అనుమానం వచ్చినా లేచి నిలబడి, గడ్డం పైకెత్తి, నోరు బాగా తెరిచి అడుగుతారు. అలవాటు ముదిరి లెక్కల క్లాసులోనూ అలాగే అడుగుతున్నారట. "మేడం, ఈ పిల్లలు నన్ను వెక్కిరిస్తున్నారు" అని లెక్కల టీచర్ నా దగ్గరకొచ్చి మొర పెట్టుకుంది.

అలాంటి క్లాసుకి ప్రొజెక్టర్ బెడద వచ్చిపడింది. ప్రొజెక్టర్ గానీ, గోడకి తగిలించే పెద్ద టీవీ స్క్రీన్ గానీ ఏదో ఒకటి కొనిస్తామన్నారు పాత విద్యార్థులు. బడి కమిటీకి ప్రొజెక్టర్ మీదే మోజు. బొమ్మ గోడంత పడుతుంది కదా మరి! కాకపోతే టీవీ స్క్రీన్‌లా కాదు, ఆ బొమ్మ కనబడాలంటే కిటికీలు మూసి లైట్లు ఆర్పాలి. చీకట్లో పిల్లల పెదాలు కనబడవు. పెదాలు కనబడకపోతే మా మరిది జవాబు చెప్పలేడు. ఆ సంగతి కమిటీ కంట్లో పడిందంటే అతన్ని క్లాసులోంచి తీసి ఆఫీసులో ఏ మూలో కూర్చోబెడతారు. పాఠం చెప్పకుండా ఆ మనిషి ఉండలేడు.

నేనే ప్రొజెక్టర్ వద్దని కొట్టెయ్యొచ్చు. కానీ మరిదికి కొమ్ముకాసిందంటారు. "వాడుకునేది మాస్టారు. వద్దనడానికి ఒక్క సరైన కారణం ఆయన్నే చెప్పమనండి" అన్నాడు కమిటీ పెద్దాయన.

షాపతను ప్రొజెక్టర్ తెచ్చి ఖాళీ క్లాసులో పెట్టి చూపించాడు. మా మరిది చేతులు వెనక్కి కట్టుకుని దాని చుట్టూ తిరిగాడు.

"ఇందులో ఫ్యాను బరబరమంటోంది మేడం. ఈ రొదలో పాఠం ఏం చెప్తాం?"

వెనకాలే లారీ వచ్చి హారన్ కొట్టినా తిరిగి చూడని మహానుభావుడికి ఆ కాస్త ఫ్యాను రొదైంది! నేను నవ్వాపుకోలేక ఫైలు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

"చప్పుడు చెయ్యని మోడల్ ఉందండీ" అన్నాడు షాపతను.

"వైర్లు కాళ్ళకి తగులుకుని పిల్లలు పడతారు."

"సీలింగుకి బిగిస్తాం కదండీ."

"పైనుంచి ఊడి నెత్తిన పడితే?"

షాపతను నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను.

ఇంటికి వెళ్ళాక అతని ఎదురుగా కూర్చుని, "ఉన్న కారణం చెప్పవయ్యా, నీ సొమ్మేం పోయింది?" అన్నాను.

"ఉన్న కారణమే చెప్పాను వదినా. దాని ఫ్యాను..."

"నీ ఫ్యాను తగలెయ్య!" అని లేచి వచ్చేశాను.

మర్నాడు షాపతను మళ్ళీ వచ్చాడు. ఈసారి పిల్లల్ని కూర్చోబెట్టి అసలు పాఠమే చెప్పి చూడమన్నాడు. కమిటీ పెద్దాయన కూడా వచ్చి వెనక బెంచీలో నా పక్కన కూర్చున్నాడు. కిటికీలు మూశారు. గోడ నిండా మ్యాప్ పడింది. నిజం చెప్పొద్దూ, భలేగా ఉంది. మా మరిది కర్ర పట్టుకుని నది పుట్టిన చోటి నుంచి మొదలుపెట్టాడు.

"సార్, సముద్రం దగ్గరికొచ్చేసరికి నది అలా పాయలుగా ఎందుకు చీలిపోతుంది?" అని చీకట్లోంచి ఒక పిల్ల అడిగింది.

అతనికి వినబడలేదు. కర్ర మ్యాప్ మీద సాగిపోతూనే ఉంది. ఆ పిల్ల మళ్ళీ అడిగింది. కమిటీ పెద్దాయన ముందుకి వంగి చూశాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

అప్పుడా పిల్ల లేచింది. బెంచీల మధ్య నుంచి నడిచొచ్చి మాస్టారి పక్కగా, మొహం ప్రొజెక్టర్ వెలుగుకి పెట్టి నిలబడింది. మ్యాప్ ఆమె మొహం మీద పడింది. బుగ్గ మీద సముద్రం, నుదుటి మీద కొండలు. ఆ వెలుగుకి కళ్ళు చికిలించుకుంటూనే, ఒక్కో మాటా విడదీసి మళ్ళీ అడిగింది.

మా మరిది కర్ర కిందికి దించాడు.

"అక్కడ నేల చదునుగా ఉంటుందమ్మా. నది నెమ్మదించి, మోసుకొచ్చిన మట్టంతా అక్కడే దింపేస్తుంది. ఆ మట్టే అడ్డంపడి దారులు చీలతాయి" అన్నాడు. కర్ర బల్ల మీద పెట్టి, "ఎప్పట్నించి తెలుసు మీకు?" అని అడిగాడు.

"మొదట్నించీ సార్" అంది ఆ పిల్ల, వెలుగులోంచి కదలకుండా.

అతను వెనక బెంచీ వైపు తిరిగాడు. "ప్రొజెక్టర్ వద్దండీ. నాకు చెవులు సరిగ్గా వినబడవు. వీళ్ళ మొహాలు కనబడితేనే నేను పాఠం చెప్పగలను."

కమిటీ పెద్దాయన నా పక్క నుంచి ఏదో అన్నాడు.

"ఏమన్నారండీ? నాకు వినబడలేదు" అన్నాడు మా మరిది.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చాక అతని నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చేసింది. పిల్లలు అప్పటికే కిటికీలు తెరిచేస్తున్నారు. పెద్దాయన లేచి వెలుతురులోకి వెళ్ళి మా మరిది ఎదురుగా నిలబడ్డాడు.

"స్క్రీనే కొందాం అన్నాను మాస్టారూ."