బిడ్డ మీది నల్లరాయి

దేవరకొండ పక్క ఊళ్లో కురుమ గుర్వయ్యకు తెలియని గుట్ట లేదు. ఎవరూ అడగకపోయినా ఆ మాట అతనే పదిమందికీ చెప్పుకునేవాడు. అందుకే అరవై రెండులో అణు ఖనిజాలు వెతికే సర్కారు సార్లు జీపులో దిగినప్పుడు, దారి చూపడానికి ఊరంతా అతన్నే ముందుకు తోసింది.

సార్ల దగ్గర ఒక పెట్టె ఉండేది. వాళ్లకు కావలసిన లోహం రాతిలో ఉంటే టిక్కుటిక్కుమని మోగేది. గొర్లను తమ్ముడు గాలయ్యకు అప్పజెప్పి రెండు నెలలు గుర్వయ్య ఎన్ని గుట్టలు ఎక్కించాడో! పెట్టె పలికితే ఒట్టు.

"నీ గుట్టలన్నీ ఉత్త బండలేనా? రేపు మూటాముల్లె సర్దేస్తాం" అని పెద్దసారు నవ్వాడు. గుర్వయ్యకు తల కొట్టేసినట్టయింది.

లోహమున్న రాయి నల్లగా, బరువుగా ఉంటుందని సార్లు అన్న మాటకు ఆ సాయంత్రమే అతనికి నల్లరాయి గుర్తొచ్చింది. మూడేళ్ల కిందట కూతురు సుక్క అమ్మవారు పోసి చనిపోతే, గుట్ట వాలులో పాతిపెట్టి, నక్కలు తవ్వకుండా వేరే గుట్ట నుంచి మోసుకొచ్చి మీద పెట్టిన రాయి అది. చిన్నదే, కానీ ఎత్తితే నడుము వంగేంత బరువు.

"ఒక్కపారి సూపెట్టి మల్ల నీ మీదనే పెడత బిడ్డా" అని మట్టికి మొక్కి ఎత్తుకొచ్చాడు. భార్య బక్కమ్మకు చెప్పలేదు.

పెట్టె ఆగకుండా మోగింది. పెద్దసారు భుజం తట్టి, ఎక్కడిదని అడిగాడు. రాయి మొదట దొరికిన గుట్ట పేరు చెప్పాడు గుర్వయ్య. పిల్లను పాతిన చోటి నుంచి తెచ్చానని చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. కుర్చీ వేసి చాయ్ ఇచ్చినవాళ్లు ఛీ అంటారని సిగ్గు. తెల్లారి రాయి తిరిగి అడుగుదామనుకున్నాడు. తెల్లారేసరికి రాయికి నంబరు వేసి లారీలో హైదరాబాదుకు పంపేశారు.

పదిరోజులకు బస్సెక్కి సార్ల దఫ్తరు వెతుక్కుంటూ పోయాడు. గుమాస్తా మంచివాడే, అంతా విని బీరువాలోంచి ఒక సీసా తెచ్చాడు. అడుగున చారెడు నల్లపొడి.

"పరీక్షకు దంచేశారు పెద్దయ్యా. ఇది కూడా ఇవ్వడానికి లేదు."

ఆ గుట్టలో లోహం చాలినంత లేదట. సార్లు మళ్లీ రాలేదు.

ఈలోగా వానలు పడి, పాతిన చోటి గుర్తు లేకుండా వాలులో మట్టి చదునైపోయింది. చనిపోయినవాళ్లకు బువ్వ పెట్టే పెత్తరమాస నాడు బక్కమ్మ విస్తరాకులో బిడ్డకు బువ్వ తెచ్చి, అక్కడ నిలబడిపోయింది.

"రాయేది?"

గుర్వయ్య అంతా చెప్పాడు. ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"గట్లనా? మరి బువ్వ యాడ పెట్టాలె?"

"గీడనే... జర అటు..."

ఊరి గుట్టలన్నీ తెలిసినవాడి చెయ్యి ఒక్కచోట నిలవలేదు.

ఆ తర్వాత చచ్చేదాకా ఆ వాలులోకి గొర్లను తోలలేదతను. కరువు ఏట కూడా అక్కడ గడ్డి మోకాళ్లెత్తు పెరిగి ఎండిపోతుంటే, పక్కనే గొర్లు ఆకలికి అరిచేవి.

"గంత గడ్డి ఎందుకిడిసిపెడ్తున్నవే అన్నా?" అని గాలయ్య కోప్పడేవాడు.

గుర్వయ్య చెప్పులు విడిచి అంచునే నిలబడేవాడు.

"యాడ తొక్కినా బిడ్డ మీదనే తొక్కినట్టుంటదిరా."