రెండో కాలి కొలత

దేవరకొండ బస్టాండులో మహబూబ్‌నగర్ బస్సు కోసం కూర్చున్నాను. పక్కనున్న ముసలాయన సంచి జారిపడి కాగితాలు నేల మీద పరుచుకున్నాయి. ఏరి ఇద్దామని వంగాను. ఒక్కో కాగితం మీద పెన్సిలుతో గీసిన రెండు పాదాలు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

"అన్ని పోస్టుల వచ్చినయే బిడ్డా. రెండు కాళ్లు ఒక్కతీరు లేనోళ్లకే చెప్పులు కుడత, పార్సిలు పంపుత" అన్నాడు.

"గసొంటోళ్లు ఎందరుంటరు చాచా? దుకాణం నడుస్తదా?"

"ఊరికొక్కరే ఉంటరు. ఊర్లు తక్కువున్నయా? పెద్ద దుకాణాలల్ల జత ఇడగొట్టి ఇయ్యరు. అందుకే ఒకరు జెప్తే ఇంకొకరు నాకే రాస్తరు." నవ్వాడు. "గని మొదటిసారి అందరు మంచికాలే గీసి పంపుతరు. రెండోది గూడ పక్కన గీసి పంపుమని మల్ల నేను కార్డు రాయాలె."

పోలియోతో చిన్నదైపోయిన నా ఎడమ కాలిని బెంచీ కిందికి లాక్కున్నాను. ఆ చెప్పులో గుడ్డ కుక్కి ఉంది. ఆయన అది చూశాడు. తెల్ల కాగితం ఒకటి నేల మీద పరిచి, పెన్సిలు తీశాడు.

లేచి కుడి కాలు పెట్టాను. ఆయన గీయలేదు. పెన్సిలు పట్టుకుని ఊరికే కూర్చున్నాడు.

కాసేపటికి ఎడమ కాలు పెట్టాను.

"ఇగ గిప్పుడు గీస్త" అన్నాడు. ఆ తర్వాత కుడిది కూడా గీసి, కాగితం అంచున నా చిరునామా రాయించుకున్నాడు.

నెల తిరక్కుండానే పార్సిలు వచ్చింది. అంతకుముందు ఎవరింటికి వెళ్లినా చెప్పుల్ని అందరి చెప్పుల వెనక దాచేవాణ్ని. ఇప్పుడు గడప ముందే, పక్కపక్కన విడుస్తాను.