నడుము పట్టీలో సూది మొన

“ఆంటీ, మీ అంత నిజాయితీ ఉన్న మనిషిని నేను చూడలేదండీ. పుణెలో ఇలాంటి టైలర్ నాకెక్కడ దొరుకుతారు?”

“గంత మాటెందుకమ్మా. పైలంగ పోయిరా.”

ప్రసన్నకూ నాకూ మధ్య జరిగిన ఆఖరి మాటలు ఇవే. ఉద్యోగం మారి పుణె వెళ్ళిపోతూ షాపుకు వచ్చి చెప్పి వెళ్ళింది. ఆమె మెచ్చుకుంటుంటే నేను తల ఎందుకు వంచుకున్నానో చెప్పాలంటే, కరోనా తగ్గి ఆఫీసులు మళ్ళీ తెరిచిన ఏడాదికి వెళ్ళాలి. నేను చెబుతుంటే మా తమ్ముడి కూతురు శిరీష రాస్తోంది.

నా షాపు మాదాపూర్‌లో ఒక లేడీస్ హాస్టల్ కింద ఉన్న షట్టర్. మా ఆయన పోయాక కొన్నేళ్ళు గార్మెంట్స్ కంపెనీలో మిషన్ మీద కూర్చున్నాను. ఆ తరవాతే ఇది పెట్టుకున్నాను. హాస్టల్ పిల్లల కుర్తీలు బిగించడం, చీరలకు ఫాల్, పికో, జాకెట్లు, చిన్నపిల్లల పావడాలు. పని ఇదే.

బయటివాళ్ళకు సూది అంటే సూదే. మాకు అలా కాదు. హుక్కులు, కాజాలకు చేతి సూది. గోనెసంచి కుట్టేది దబ్బనం. మగ్గం వర్కు సూదికి మొన దగ్గర చిన్న కొక్కెం ఉంటుంది. మిషన్ సూదికి కన్ను వెనకవైపు కాదు, మొన పక్కనే. అందులోనూ నంబర్లు. పల్చటి పట్టుకు పదకొండు, కాటన్‌కు పద్నాలుగు, జీన్స్‌కు పదహారు. దవాఖానలో నర్సమ్మ వేసేదాన్ని కూడా మనం సూదే అంటాం. వాడిన సూదిని ఎక్కడ పడితే అక్కడ పారేయకూడదని వాళ్ళకు నియమం ఉంది. విరిగిన సూది విషయంలో మాకూ ఒకటుంది.

కంపెనీలో ‘బ్రోకెన్ నీడిల్ రిజిస్టర్’ అని ఒక పుస్తకం ఉండేది. సూది విరగగానే మిషన్ ఆపాలి. ముక్కలన్నీ ఏరి, ఒకదానికొకటి ఆనించి, మొత్తం సూది అయిందని తేలాక టేపుతో ఆ పుస్తకంలో అంటించాలి. అప్పుడే కొత్త సూది ఇస్తారు. ఒక్క ముక్క తక్కువైనా ఆ మిషన్ మీద ఉన్న బట్ట బయటికి పోదు. సొంత షాపులో నన్ను అడిగేవాళ్ళు లేరు కదా, ఆ పుస్తకం నేను పెట్టుకోలేదు.

ప్రసన్న మా వీధి చివర ఆఫీసులో పనిచేసేది. ఇల్లు నల్లగండ్లలో. పాపకు అన్నప్రాశన అని, అత్తగారి పాత పట్టుచీర తెచ్చి పావడా కుట్టమంది. మరునాడే ముహూర్తం. సాయంత్రం ఆఫీసు నుంచి పోతూ తీసుకెళ్తానంది. అడ్రసు చెప్పి నన్నూ భోజనానికి రమ్మంది.

పల్చటి పట్టు కదా అని పదకొండో నంబరు సూది పెట్టాను. నడుము పట్టీ దగ్గరికి వచ్చేసరికి కుచ్చిళ్ళు, లైనింగు, పట్టీ అన్నీ కలిసి మందమైపోయాయి. అక్కడ సూది మార్చాలి. మార్చలేదు. పైగా తొందరలో బట్టను వెనక నుంచి లాగాను. సూది వంగి కింది ప్లేటుకు తగిలి టప్‌మని విరిగింది. పై ముక్క మిషన్‌లోనే ఉంది. మధ్య ముక్క ఒళ్ళో పడింది. మొన లేదు.

అయస్కాంతం తీసి నేలంతా తిప్పాను. గుండుసూదులు వచ్చాయి, మొన రాలేదు. ఇంతలో ప్రసన్న వచ్చి నిలబడింది. “అయిపోయిందా ఆంటీ? క్యాబ్ వెయిటింగ్‌లో ఉందండీ.” నేలమీదే ఎక్కడో పడి ఉంటుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. కొత్త సూదితో మిగిలిన జానెడు కుట్టు పూర్తిచేసి, మడిచి ఇచ్చాను.

పొద్దున షట్టర్ ఎత్తి మళ్ళీ ఊడ్చాను. చెత్త అంతా కాగితం మీద పోసి అయస్కాంతం ఆడించాను. లేదు. నేలమీద లేదంటే ఇక ఉండేది ఒకటే చోటు. ఆ పట్టీని పాప పొట్టకు బిగించి కడతారు. కత్తెర, దారం, చేతి సూది, అయస్కాంతం, విరిగిన సూది ముక్కలు సంచిలో వేసుకుని ఆటో ఎక్కాను. ఫోన్ చేస్తే ఎత్తలేదు.

తలుపు తీసింది అత్తగారు. “ముహూర్తం పదకొండింటికమ్మా, నువ్వు టిఫిన్‌కే వచ్చేశావా!” అని నవ్వింది.

లోపల పాపకు అప్పుడే స్నానం చేయించి పౌడరు రాస్తున్నారు. పావడా ఇస్త్రీ చేసి మంచం మీద పరిచి ఉంది.

“ప్రసన్నమ్మా, ఆ పావడా పాపకు కట్టకు. జర నాకియ్యి.”

“ఏమైందాంటీ?”

“నడుం పట్టీ కుట్టేటప్పుడు సూది ఇరిగింది. మొన దొరకలే. అండ్లనే ఉన్నదని నా అనుమానం.”

అత్తగారి నవ్వు పోయింది. “శుభమా అని పిల్లకి అన్నం ముట్టించే రోజున ఈ సూదుల గోలేంటమ్మా? వేరే గౌను వేసెయ్ ప్రసన్నా. ఆ పావడా అవతల పెట్టు.”

“అది మీ చీర కదండీ అత్తయ్యా. ఒక్క నిమిషం చూడనివ్వండి.”

అయస్కాంతం ఆనించాను, పట్టుకోలేదు. వేళ్ళతో తడిమాను, తగల్లేదు. ఏళ్ళ కుట్టుపనితో గట్టిపడిన వేళ్ళకు అంత సన్నటి మొన ఏం తెలుస్తుంది? పాప పొట్టకు ఎలా బిగిస్తారో అలాగే ఆ పట్టీని నా మోచేతి లోపలివైపు చుట్టి గట్టిగా లాగాను. ఒక చుట్టు చూసి, బెత్తెడు జరిపి మళ్ళీ లాగాను. నాలుగోసారి చురుక్కుమంది. చర్మం మీద ఆవగింజంత రక్తం.

“అయ్యో” అంది ప్రసన్న. అత్తగారు పాపను లాక్కున్నట్టు ఎత్తుకుంది.

కుట్టు విప్పితే రెండు మడతల మధ్య అడ్డంగా ఉంది, బియ్యపుగింజలో సగం. దాన్ని సంచిలో ఉన్న మిగతా ముక్కలకు ఆనించి చూశాను. సూది పూర్తయింది. బాల్కనీలో కూర్చుని చేతి సూదితో పట్టీ మళ్ళీ కుట్టాను. మరోసారి చేతికి చుట్టి, ఆపైన చెంపకు రుద్ది చూసి ఇచ్చాను. అత్తగారు కాఫీ తెచ్చి నా పక్కనే కూర్చుంది. “భోంచేసి వెళ్ళాలి. కాదంటే ఊరుకోను” అంది.

అప్పుడు ప్రసన్న అడిగింది. “మొన లేదని ఎప్పుడు చూసుకున్నారాంటీ?”

“ఇయ్యాల పొద్దుగాల, ఊడుస్తుంటే. ముక్కలు కలిపి చూస్తే మొన తక్కువున్నది.”

అబద్ధం. ఆమె చేతిలో పావడా పెట్టేటప్పుడే మొన దొరకలేదని నాకు తెలుసు. ఆ ఒక్కమాట అప్పుడే చెప్పి ఉంటే క్యాబ్ ఐదు నిమిషాలు ఆగేది. తంటా అంతే. నిజం చెప్పడానికి అంతదూరం పోయినదాన్ని, సగం చెప్పి వచ్చాను. ఆ సగానికే ప్రసన్న నన్ను వాళ్ళ అపార్ట్‌మెంట్ గ్రూపులో మెచ్చుకుంది. అక్కడి నుంచి ఎంతమందో వచ్చారు. వచ్చిన ప్రతివాళ్ళూ ఆ కథే నాకు చెప్పేవాళ్ళు. ఒక్కరికీ సరిదిద్ది చెప్పలేదు.

ఇప్పుడు నా దగ్గర ఇద్దరు ఆడపిల్లలు పనిచేస్తున్నారు. టేపు అంటించే పుస్తకం పెట్టాను. సూది విరిగితే ఎవరినీ తిట్టను. కంపెనీలో సూపర్‌వైజర్ తిడతాడని ముక్కలు కొంగున కట్టుకుని దాచినవాళ్ళను చూశాను. తిట్టే మనిషి లేకపోయినా నేనూ దాచాను. అందుకే మా పిల్లలకు ఒకటే చెబుతాను: విరగ్గానే గట్టిగా అరవండి, కస్టమర్ ఎదురుగా ఉన్నా సరే.

ప్రసన్నా, ఇది నీ కంట పడితే, నాకు తెలిసింది ముందురోజు సాయంత్రమే.

శిరీషా, నువ్వు మీ అత్త మీద ప్రేమతో ఆ అబద్ధం దగ్గర మెత్తగా రాసి ఉంటావు. ఏదీ, అక్కడి నుంచి చదువు, వింటాను.