పుట్టినరోజుల కాలమ్

తాక్ మిర్యంగ్ గురించి చెప్పమంటే నాకు ముందు కోపం వస్తుంది, తర్వాతే మాటలొస్తాయి. కోపం ఆవిడ మీద కాదు. ఆవిడ పందొమ్మిదేళ్ళు కూర్చుకొచ్చినదాన్ని ఒక్క భోజనాల వేళలో తగలేసినవాడి మీద. రేవు పట్టణమైన మా మొక్పోలో కొండవాలు ఇళ్ళ మధ్య ఉన్న వృద్ధుల సేవాకేంద్రంలో నేను వంటమనిషిని. కంప్యూటర్ ముట్టుకోను. కానీ ఆ గొడవంతా నా వంటింటి మీదుగానే నడిచింది.

మా కేంద్రం చూసుకునే ముసలివాళ్ళు నాలుగు వందల పన్నెండు మంది. అందరూ ఒంటరివాళ్ళే. వాళ్ళ వివరాలన్నీ ఒక పట్టికలో ఉండేవి. మనిషికో వరుస. పేరు, ఇల్లు, వేసుకునే మందులు, నోట్లో పళ్ళున్నాయా లేవా, ఒక్కోదానికి ఒక్కో కాలమ్. ఆ పట్టికను తయారుచేసింది మిర్యంగ్. చేపల గిడ్డంగి మూతపడ్డాక ఇక్కడ టైపిస్టుగా చేరి, పుస్తకాలు ముందేసుకుని తనంతట తానే నేర్చుకుంది. మొగుడు లేడు, పిల్లల్లేరు, నోరు మాత్రం ఉంది. "ఈ పట్టికే నా సంసారం అక్కా" అనేది.

పుట్టినరోజు కాలమ్‌ను ఆవిడ తేదీల రకంగా కాక, ఏ అక్షరమైనా పట్టే మామూలు రాతగా ఉంచింది. దానికి కారణముంది. మా ముసలివాళ్ళు పుట్టినరోజును చంద్రుణ్ణి బట్టి లెక్కపెడతారు. సర్కారు కార్డు మీద ఉన్న తేదీ శుద్ధ అబద్ధం. బిడ్డ దక్కుతుందో లేదో చూసి, ఏడాదో రెండేళ్ళో ఆగి తండ్రులు రాయించిన తేదీ అది. అసలు రోజు ఆ ముసలి తలల్లో తప్ప ఇంకెక్కడా లేదు. మిర్యంగ్ ఇంటింటికీ వెళ్ళి కూర్చునేది. "ఏ నెలవ్వా? అప్పటికి బార్లీ కోతలయ్యాయా? మీ అమ్మ ఏమనేది?" అని అడిగి అడిగి, "చాంద్రమానం, మూడో నెల, పదిహేడు" అని రాసుకొచ్చేది. అధిక మాసంలో పుట్టినవాళ్ళయితే ముందు 'అధిక' అని చేర్చేది. ఆ కాలమ్ చూసి నెలనెలా నాకు చీటీ ఇచ్చేది. నేను ఆ రోజుకి సముద్రపు నాచు చారు కాస్తే, ఎవరో ఒకరు పట్టుకెళ్ళి ఇచ్చేవాళ్ళు. పుట్టినరోజున ఆ చారు తాగకపోతే మా వాళ్ళకి పుట్టినట్టే ఉండదు.

మో ఓక్‌దాన్ అవ్వ ఒక్కత్తే రెండేళ్ళపాటు తన రోజు చెప్పలేదు. అవ్వకి ఎనభై నాలుగేళ్ళు. "నాది ఏటా వచ్చేది కాదులేవే, వదిలెయ్" అనేది. నిరుడు మార్చిలో తనే మిర్యంగ్‌ను పిలిచి కూర్చోబెట్టుకుంది.

"నేను అధిక ఆరో నెలలో పుట్టానే. ఈ ఏడు అది మళ్ళీ వస్తోంది. ముప్పై ఎనిమిదేళ్ళయింది వచ్చి. అప్పుడు మా ఆయన బతికున్నాడు, చారు ఆయనే కాశాడు, ఉప్పెక్కువైంది. ఇంకోసారి వచ్చేదాకా నేనుండను. రాసుకో."

మిర్యంగ్ రాసుకుంది. ఆ సాయంత్రం వంటింట్లోకొచ్చి, "వేసవిలో ఓక్‌దాన్ అవ్వ చారు నేనే పట్టుకెళ్తానక్కా, ఇంకెవరికీ ఇవ్వకు" అంది. అంత సంబరంగా ఆవిణ్ణి నేనెప్పుడూ చూడలేదు.

మే నెలలో కొత్త మేనేజర్ బాంగ్ దిగాడు. ముప్పై నాలుగేళ్ళవాడు, ఇస్త్రీ చొక్కా. అన్ని కేంద్రాల పట్టికలూ ఒకే ఆకారంలో ఉండాలని, పుట్టినరోజు కాలమ్ తేదీల రకంగా మారాలని, అందులో ఒక్క గడీ ఖాళీగా ఉండకూడదని పై ఆఫీసు చెప్పిందట. శుక్రవారం గడువు. నా ముందే, భోజనాల బల్ల దగ్గరే ఇద్దరికీ పడింది.

"మార్చొద్దనట్లేదు సార్" అంది మిర్యంగ్. "పాత కాలమ్‌ని కదపకుండా పక్కన కొత్తది వేద్దాం. ఒక్కొక్కటీ అందులోకి ఎక్కిద్దాం. ఏవి ఎక్కాయో, ఏవి మొరాయించాయో చూద్దాం. రెండు నెలలు రెండూ నడవనీండి. అంతా సరిపోయాక పాతది తీసేద్దాం."

"ఒకే విషయానికి రెండు కాలమ్‌లా? పైవాళ్ళు నవ్విపోతారు మేడం."

"నవ్వనీండి. వాళ్ళు నవ్వితే మనకేం పోదు. ఇవి పోతే మళ్ళీ రావు. రెండో నెల ముప్పయ్యో తేదీన పుట్టినవాళ్ళున్నారు, మీ క్యాలెండర్లో ఫిబ్రవరి ముప్పై ఉందా? అధిక మాసం వాళ్ళని ఏ గడిలో పెడతారు?"

"ఈ రోజుల్లో కూడా చంద్రుణ్ణి చూసి పుట్టినరోజులేంటండీ?"

నేను ఊరుకోలేకపోయాను. "మీ అమ్మమ్మ పుట్టినరోజు ఎప్పుడు బాబూ?" అన్నాను.

"అమ్మనడగాలి" అన్నాడు.

"అదీ సంగతి. కొత్త జాడీలోకి కిమ్చీ పచ్చడి మొత్తం మారాకే మేం పాత జాడీ కడుగుతాం. ఆపాటి తెలివి మీకూ ఉండొద్దా?"

"వంట సంగతి మీరు చూసుకోండి ఆంటీ" అన్నాడు, కందకు లేని దురద కత్తిపీటకెందుకన్నట్టు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మిర్యంగ్ పాత పట్టికను ఒక చిన్న పెన్ డ్రైవ్‌లోకి దింపుకుంది. అదీ కనిపెట్టాడు. ఇతరుల వివరాలు సొంతంగా దాచుకోవడం నేరమని, ఉద్యోగం పోతుందని బెదిరించి లాక్కుని, ఆవిడ కళ్ళముందే తుడిచేశాడు. మర్నాడే ఆవిణ్ణి వంతెన అవతల దీవిలో ఉన్న మా శాఖకి, భోజనం టోకెన్లు ఇచ్చే బల్ల దగ్గరకి బదిలీ చేయించాడు. పందొమ్మిదేళ్ళ పనికి దక్కిన మర్యాద అది.

శుక్రవారం అందరం తింటుండగా, వాడుకలో ఉన్న పట్టిక మీదే చెయ్యి చేసుకున్నాడు. 'చాంద్రమానం' అన్న మాటను కోసేసి అంకెలు మాత్రం ఉంచాడు; మూడో నెల పదిహేడు కాస్తా మార్చి పదిహేడైంది. తేదీగా మారమని మొరాయించినవాటిని ఖాళీ చేశాడు. ఖాళీ ఉండకూడదు కదా, వాటన్నిటికీ జనవరి ఒకటి అని పెట్టేశాడు. నిమిషంలో అయిపోయింది. "నాలుగు వందల పన్నెండు వరుసలూ భద్రం" అని పైకి రాశాడు. అది నిజమే, ఒక్క వరుసా పోలేదు. వరుసల్లో ఉన్న మనుషులే పోయారు.

తర్వాత నేను చేసిన తెలివితక్కువ పని కూడా చెప్పాలి. కొత్త చీటీలు అచ్చులో నీటుగా వచ్చాయి. వాటి ప్రకారం కాచి పంపాను. జూన్, జూలై నెలల్లో నలభై ఏడు గిన్నెలు వెళ్ళాయి. ఒక్క ముసలి ప్రాణి కూడా నోరెత్తలేదు. అన్ని గిన్నెలూ నాకి పెట్టినట్టు ఖాళీగా తిరిగొచ్చాయి. ఆగస్టు అయిదున నేనే స్వయంగా గీ తాత ఇంటికి చారు పట్టుకెళ్ళాను. తాత చివరి చుక్క దాకా తాగి, మూతి తుడుచుకుని, నెమ్మదిగా అన్నాడు.

"నా రోజుకి ఇంకా నెల పైనే ఉందమ్మా. మధ్యలో ఈ అధిక ఆరో నెలొకటి వచ్చిపడింది కదా."

"మరి తాగావేంటి తాతా? చెప్పొచ్చుగా?"

"అంత దూరం నుంచి తెచ్చారు. తప్పంటే చిన్నబుచ్చుకుంటారని."

నలభై ఏడుగురూ అదే మర్యాద చేశారన్నమాట. మా మీద జాలిపడి, తమది కాని రోజున తమ పుట్టినరోజు చేసుకున్నారు. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. అంతలో తాత అన్న అధిక నెల మాట గుర్తొచ్చింది. అధిక ఆరో నెల నడుస్తోంది. అది మొదలై ఆ రోజుకి పన్నెండు రోజులైంది. ఓక్‌దాన్ అవ్వ పేరు నా చీటీల్లో ఎక్కడా లేదు.

ఫోన్ చేస్తే మిర్యంగ్ బల్ల వదిలేసి బస్సెక్కి వచ్చేసింది. బాంగ్‌ను కుర్చీలోంచి లేపి తెర చూసింది. మో ఓక్‌దాన్, జనవరి ఒకటి. "పాత నకలు తియ్యి" అంది. నకళ్ళు నెలకి మించి ఉండవట. ఆవిడ కేకలకి కింద వీధిలో చేపలమ్మేవాళ్ళు తలెత్తి చూశారు.

నూనె మరకలతో నా సొరుగులో పడున్న పాత చీటీలతో చాలామంది రోజులు తిరిగి దొరికాయి. ఆ ఏడే కొత్తగా చెప్పినవాళ్ళు మాత్రం అయిదుగురు మిగిలారు. నలుగురు మళ్ళీ చెప్పారు. అయిదో మనిషి కోసం మేమిద్దరం మర్నాడు పొద్దున నూట నలభై మెట్లు ఎక్కాం. వేసవి మొదట్లో, జూన్‌లోనే, అవ్వకి మతిమరుపు ముదిరింది.

"పుట్టినరోజా?" అంది అవ్వ, మిర్యంగ్ చెయ్యి పట్టుకుని. "నీకు చెప్పాను కదే. నువ్వు రాసుకున్నావుగా. ఇంక నేను మొయ్యక్కర్లేదని వదిలేశాను."

మిర్యంగ్ బయటికొచ్చి మెట్ల మీద కూలబడింది. "పన్నెండా, ఇరవై రెండా? చివర రెండు ఉన్నట్టుంది అక్కా. ఒట్టేసి చెప్పలేను. నేనూ అంతే చేశాను, రాశాను కదా అని వదిలేశాను." తల బాదుకుంటుంటే నేనే చేతులు పట్టుకున్నాను.

కిందికొచ్చేసరికి బాంగ్ ఎదురొచ్చాడు. "ఏదో ఒక రోజు వేసేద్దాం మేడం. అవ్వకి తెలుస్తుందా ఏంటి?"

"ఇంకో అబద్ధం రాశావంటే వేళ్ళు విరిచేస్తా" అంది మిర్యంగ్. "తెలియకపోతే ఖాళీగా ఉంచు. పైవాళ్ళకి నేను చెప్పుకుంటా. నువ్వు తీసేసిన కాలమ్ మళ్ళీ వేస్తున్నా, కొత్తది దాని పక్కన పడుంటుంది."

నేను కూడా తీర్పిచ్చాను. అధిక మాసంలో ఇంకా పదిహేడు రోజులున్నాయి. పదిహేడు రోజులూ చారు కాస్తాను, బాంగ్ మోస్తాడు. అసలు రోజు దాటిపోయిందో, ఇంకా ఉందో ఎవరికీ తెలియదు. కాదనడానికి బాంగ్ నోరు తెరిచాడు గానీ, నా చేతిలో గరిటె చూసి మూసుకున్నాడు. ఆగస్టు ఎండలో రోజూ ఎక్కాడు. నాకు జాలి కలగలేదు.

ఆఖరి రోజున మేమిద్దరం కూడా వెళ్ళాం. అవ్వ చారు తాగి, ఇన్నాళ్ళూ రోజూ వస్తున్న కుర్రాణ్ణి అప్పుడే చూసినట్టు చూసింది.

"నువ్వెప్పుడు పుట్టావు బాబూ?"

"అక్టోబరు తొమ్మిది, అవ్వా."

"మంచిది. మరిచిపోకు" అని, దగ్గరకి రమ్మని సైగ చేసి గొంతు తగ్గించింది. "ఎవరైనా వచ్చి రాసుకుంటామంటే మాత్రం ఇవ్వకు."

మిర్యంగ్ గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటోంది. ఒక కాలికి వేసుకుని, రెండోది వేసుకోకుండా అలాగే నిలబడిపోయింది.