ఖుబానీ చెట్టుకు దీపావళి లైట్లు

బెంటన్‌విల్‌లో కొత్తగా ఇల్లు కొన్న ఆ రోజుల్లో నాకు రెండు నమ్మకాలుండేవి. పెరడంటూ ఉంటే ఏ చెట్టయినా కాస్తుందని ఒకటి, నన్ను చిన్నబుచ్చినవాళ్లకు ఎప్పటికైనా జవాబు చెప్పి తీరతానని రెండోది. మొదటిది పోయింది. రెండోది నన్ను ఇంకా వదల్లేదు.

చిన్నబుచ్చినవాడు మా తోడల్లుడు. కాలిఫోర్నియాలో, డబ్లిన్‌లో ఉంటాడు. ఓ వేసవిలో వాళ్లింటికి వెళ్తే పెరట్లో ఆప్రికాట్లు రాలి నేలంతా పసుపుపచ్చగా ఉంది. మా ఆవిడది హైదరాబాదు. అక్కడ ఆప్రికాట్లను ఖుబానీలంటారు, వాటితో మీఠా అనే తీపి వంటకం చేస్తారు. ఓ పండు చేతిలోకి తీసుకుని, "మా అమ్మ ఎండిన ఖుబానీలతోనే మీఠా చేస్తుండె. మన చెట్టు పండ్లతోని చేస్తే ఎట్లుంటదో" అంది. తను నన్ను ఏదైనా అడగడమే అరుదు. నేను నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నాడు. "మీ ఆర్కన్సాలో ఇవి కాయవు తమ్ముడూ. ప్లమ్ పెట్టుకో. నీ లెవెల్‌కి అదే సేఫ్." (నీ లెవెల్‌కి! ఆ మాట అన్నట్టు ఆయనకు గుర్తులేదట. నాకు ఆ పూట ఆయన వేసుకున్న చొక్కా రంగు కూడా గుర్తుంది.)

మా ఊరి నర్సరీలో పెద్దావిడ కూడా ప్లమ్మే చూపించింది. ఇక్కడి అడవి ప్లమ్‌తో కలిపి తయారుచేసిన గట్టి రకాలనీ, ఆలస్యంగా పూస్తాయనీ, రెండు రకాలు పక్కపక్కన పెడితే బాగా కాస్తాయనీ ఓపిగ్గా చెప్పింది. తోడల్లుడు చెప్పిన చెట్టు నా పెరట్లోనా? ఆప్రికాట్లలోనే అన్నిటికంటే చలికి ఓర్చుకునే రకం ఇమ్మన్నాను. "చలికి ఓర్చుకుంటుంది, కానీ..." అందావిడ. ఆ 'కానీ' పూర్తయ్యేలోపే మొక్కను కార్‌లోకి ఎక్కించాను.

మిగతాది చెట్టే చెప్పింది. గడ్డకట్టే చలిని అది లెక్కచేయలేదు. ఫిబ్రవరిలో నాలుగు రోజులు ఎండ కాయగానే మాత్రం వసంతం వచ్చేసిందనుకుని ఒళ్లంతా పూసేది. మార్చిలో మళ్లీ మంచు పడి పూలన్నీ నల్లబడేవి. (తీయగా మాట్లాడగానే నమ్మేసే గుణం నాది. దానికెలా అబ్బిందో!) ఓ మార్చిలో మంచు పడుతుందని తెలిసి, సాయంత్రం ఆఫీస్ నుంచి రాగానే స్టూలెక్కి, దీపావళికి ఇంటికి కట్టే లైట్లు వెచ్చదనం కోసమని కొమ్మలకు చుట్టాను. (అవి ఎల్‌ఈడీలు. వేడి పుట్టదు.) పైన దుప్పట్లు కప్పాను. అవి చాలక మా ఆవిడ పట్టుచీర కూడా. పక్కింటాయన కంచె మీంచి చూసి, ఇవాళ మీ పండగా అని అడిగాడు. అవునన్నాను.

తెల్లారాక మా ఆవిడ తడిసిన చీర పిండుతూ, "చీర గూడ పాయె, పూలు గూడ పాయె. రెండు ప్లమ్ మొక్కలు పెడితే ఏమైతుండె?" అంది.

"మీ బావ చెప్పాడని పెట్టాలా?"

"మా బావకి జవాబు మీకు కావాలె. నాకు మీఠా కావాలె."

మరుసటి వసంతం రాకముందే నా ప్రాజెక్ట్ పోయింది. వీసా గడువు దాటకుండా వేరే రాష్ట్రంలో, ఫ్రిస్కోలో ఉద్యోగం దొరికింది. ఇల్లు అమ్మేశాం. బయలుదేరే రోజు మా ఆవిడ చెట్టు దగ్గరే నిలబడిపోయింది. హారన్ కొట్టాను. "వస్తున్న, కొట్టకండి" అంది.

ఆ మార్చిలో మంచు పడలేదు. వేసవి రాగానే, ఇల్లు కొన్నావిడ ఫొటో పంపి, పెరట్లో ఈ నారింజరంగు కాయలేమిటి, తినొచ్చా అని అడిగింది. చెట్టు విరగకాసింది. నేను జవాబివ్వనన్నాను. మా ఆవిడ చాలాసేపు ఫొటో చూసి, తనే మెసేజ్ పెట్టింది, మీఠా ఎలా చేయాలో కూడా. తోడల్లుడు ఫోన్ చేసి, "కాసిందట కదా తమ్ముడూ!" అన్నాడు. ఆ గొంతులో నిజంగానే సంతోషం ఉంది. దాన్నీ నేను మర్చిపోలేదు.

ఇండియన్ స్టోర్‌కి వెళ్లినప్పుడల్లా మా ఆవిడ ఎండు ఖుబానీల ప్యాకెట్ల ముందు ఆగుతుంది, తీసుకోకుండానే వచ్చేస్తుంది. ఇంటికొచ్చాక నేను ఆ ఫొటో తెరుస్తాను. పెద్దది చేసి చూస్తే, పండ్ల మధ్య ఓ కొమ్మకు నా దీపావళి లైట్ల వైరు ఇంకా చుట్టుకునే ఉంది. వెచ్చదనం ఇవ్వని దీపాలకు, అంత చలిలో, అంత శ్రద్ధగా ముడులేసిన అప్పటి నన్ను, ఆ కుర్రాణ్ని, తలచుకుంటే నవ్వొస్తుంది. ముడులు మాత్రం గట్టిగానే వేశాడు.